నాలుగో అంతస్తులో కన్నం

ఆ శనివారం రమాసుందరి వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్లు అయ్యాక వంటింటి గోడకి కన్నం పెట్టించాలి. మధ్యాహ్నానికల్లా ఆ కన్నంలోంచి చిమ్నీ గొట్టం బయటికి పంపాలి. ఆ వెంటనే పొయ్యి మీద మూకుడు పెట్టి, గుప్పెడు ఎండుమిరపకాయలు వేయించాలి. దగ్గకుండా.

ఆ ఆఖరి మాటే అసలు మాట. మొగల్రాజపురంలో వాళ్ళ అపార్టుమెంటు పక్కనే ఇంకోటి లేచి, వంటింటి కిటికీకి గాలి లేకుండా చేసింది. అప్పట్నించీ తాలింపు పెడితే చాలు, ఆవిడకి ఊపిరి అందేది కాదు. డాక్టరు తేల్చి చెప్పాడు. "పొగన్నా బయటికి పోవాలి, వంటింట్లోంచి మీరన్నా బయటికి పోవాలి మేడమ్."

"నేను పోను. పొగే పోతుంది," అని ఆవిడ అదే వారం చిమ్నీ కొనేసింది.

ఏడాదైంది. చిమ్నీ ఇంకా అట్టపెట్టెలోనే, మంచం కింద ఉంది. కారణం మూడో అంతస్తులో ఉండే అసోసియేషన్ ప్రెసిడెంటు రామకోటేశ్వరరావు. ఆయన అడిగినప్పుడల్లా, "కన్నం పెడితే బిల్డింగ్ బలం పోద్దండీ," అనేవాడు. ఇప్పుడు ఆదివారం మీటింగులో గోడలకి ఎవరూ కన్నాలు పెట్టకూడదని ఏకంగా తీర్మానమే చేయించబోతున్నాడు. అంటే కన్నం ఈ శనివారం పడాలి. పడకపోతే ఇక ఎప్పటికీ పడదు.

కెమిస్ట్రీ లెక్చరరుగా రిటైరైన రమాసుందరికి ప్రయోగం మొదలెట్టే ముందు జాగ్రత్తలు చెప్పడం ఊపిరి తీసుకున్నంత సహజం. గోడని గుండ్రంగా కోసి కన్నం పెట్టే కోర్ కటింగ్ మిషను గురించి దొరికినదల్లా చదివేసింది. ఆ గోడలో దూలం లేదని, స్తంభం లేదని, కరెంటు తీగలు లేవని రూఢి చేసుకుంది. కోసిన ముక్క అవతల సందులో పడుతుంది కాబట్టి, పొద్దున్నే కిందికి దిగి ఆ సందుకి రెండు వైపులా పాత చీరలు అడ్డంగా కట్టింది. తిరిగొచ్చి గాజులు తీసేసి, జుట్టు బిగించి ముడేసి, చుడీదార్ వేసుకుని హాల్లోకి వచ్చింది.

పేపరు చదువుకుంటున్న భర్త అచ్యుతరామారావు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. "ఏంటీ వేషం?"

"చీర కొంగూ, తిరిగే మిషనూ ఒక గదిలో ఉండకూడదు. మీరు కూడా ఆ లుంగీ మార్చండి."

"మనం తవ్వేది గోడకి కన్నమా, పోలవరం కాలవా?" అంటూనే ఆయన లేచి ప్యాంటు వేసుకున్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఎక్కడ వాదించాలో, ఎక్కడ ప్యాంటు వేసుకోవాలో ఆయనకి తెలిసిపోయింది.

పథకంలో తప్పు దొర్లింది గేటు దగ్గర. చీరలు కట్టి వస్తూ రమాసుందరి వాచ్‌మన్ భార్య అమలమ్మతో, "కోర్ వాళ్ళొస్తారు, కటింగుకి. ఆపకుండా పైకి పంపు," అని చెప్పింది. అమలమ్మకి కోర్ అంటే తెలియదు. కోర్టు అంటే తెలుసు. వాళ్ళ బావగారి పొలం గట్టు తగాదా అక్కడ చాలాకాలం నలిగింది. అందుకని తెలియని మాటకి తెలిసిన తోక తగిలించుకుంది.

కాసేపటికి మిషను ఆటోలో వేసుకుని కోర్ కటింగ్ చేసే ఏసుపాదం దిగాడు. అతను మెట్లెక్కుతుండగానే, వాకింగ్ నుంచి తిరిగొచ్చిన రామకోటేశ్వరరావు గేటులో అడుగుపెట్టాడు. తెల్లపంచె, భుజాన మంగళగిరి జరీ కండువా. ఆ కండువా ఏదో సభలో సన్మానంగా కప్పింది. అప్పట్నించీ స్నానానికి తప్ప ఆయన భుజం దిగలేదు.

"ఎవరే అమలమ్మా, ఆ ఇనప సామాను మోసుకెళ్ళింది?"

"కోర్టోళ్ళండి. నాలుగో ఫ్లోరు మేడంగారు పిలిపించారంట."

"కోర్టోళ్ళా? ఎందుకూ?"

"కటింగుకంటండి. చేతిలో కొలతల టేపు కూడా ఉంది."

రామకోటేశ్వరరావు ముఖంలో రంగు మారింది. మారడానికి కారణం ఉంది. మూడో అంతస్తులో అందరూ నడిచే వరండాని ఆయన ఇనప గ్రిల్లు పెట్టి తనలో కలిపేసుకున్నాడు. అందులో ఆయన చెప్పుల స్టాండు, మనవడి సైకిలు, దూది పైకి తేలిన పాత సోఫా ఉన్నాయి. ఎవరన్నా అడిగితే, "సెక్యూరిటీ అండీ," అనేవాడు. రమాసుందరి ఒక్కతే ఆ మధ్య, "దీని మీద కోర్టుకెళ్తే ఏమవుతుందో తెలుసా?" అంది. కన్నం అడ్డుకున్న కోపంలో అందే కానీ, ఆవిడకి కోర్టు ఎటు వైపుందో కూడా సరిగ్గా తెలియదు.

"కొలిచి కోసేస్తారన్నమాట. నలుగురి ముందూ," అని గొణుక్కుంటూ ఆయన మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు.

పైన రమాసుందరి ఏసుపాదాన్ని గుమ్మంలోనే ఆపేసింది. "ఆ హవాయి చెప్పులేంటి?"

"నాకివే అలవాటు మేడమ్. బెజవాడలో నేను పెట్టని కన్నం లేదు."

"మా ఇంట్లో బూట్లు లేకుండా కన్నం పడదు." ఆవిడ లోపలికి వెళ్ళి ఒక జత తెచ్చి అతని ముందు పెట్టింది. కళ్ళద్దాలు, చెవుల్లోకి దూది కూడా ఇచ్చింది.

"అవి నా వాకింగ్ బూట్లు కదూ?" అన్నాడు అచ్యుతరామారావు.

"మీరు వాకింగుకి వెళ్ళి ఎన్నాళ్ళైంది?"

ఆయన మళ్ళీ పేపరు తెరిచాడు.

ఏసుపాదం స్టాండుని గోడకి బిగించి, లావుపాటి గొట్టంలాంటి బిట్టు తగిలించాడు. అది వేడెక్కకుండా నీళ్ళందించే పంపు డబ్బా పక్కన పెట్టాడు. చేలో పురుగుమందు కొట్టే డబ్బాలాగే ఉందది. వంటింటి కరెంటు ఆపేసి హాల్లోంచి వైరు లాగారు. మిషను గుర్రుమంది. ఎర్రటి ఇటుక నీళ్ళు గోడ మీదుగా బకెట్లోకి కారసాగాయి. రమాసుందరి ఆ చప్పుడుని కచేరీ విన్నట్టు వింది.

కింద రామకోటేశ్వరరావు కూడా ఆ చప్పుడు విన్నాడు. "మొదలెట్టేశారు! పై నుంచి కోసుకుంటూ వస్తున్నారు!" అని భార్య మీద అరిచాడు.

"ఏం కోస్తున్నారండీ?" అంది సుబ్బరత్నం వంటింట్లోంచి.

"నా పరువు!"

ఆయన దగ్గర ఆన్‌లైన్లో డిస్కౌంటుకి కొన్న, ఇనుము కోసే గ్రైండరు ఉంది. చక్రం మీద ఉండాల్సిన రక్షణ రేకుని అడ్డంగా ఉందని కొన్నరోజే పీకేశాడు. కోర్టోళ్ళు దిగొచ్చేలోపు తనే కోసేద్దామని, ఇప్పుడు ఇంట్లోంచి వైరు లాగి, కళ్ళకి ఏమీ పెట్టుకోకుండా, పంచె ఎగ్గట్టి, కండువా భుజం మీదే ఉంచుకుని గ్రిల్లు మీద పడ్డాడు. మాటిమాటికీ నొక్కిపట్టుకునే ఓపిక లేక స్విచ్చిని ముందుకి తోసి లాక్ చేసేశాడు. నిప్పురవ్వలు దీపావళి మతాబాల్లా ఎగిరాయి. ఎగిరినవి ఎగిరినట్టు పాత సోఫా దూదిలో కూర్చున్నాయి.

దూది మండలేదు. రాజుకుంది. గ్రిల్లుకి అడ్డంగా వేసిన ప్లాస్టిక్ పట్టాలు గాలిని ఎటూ పోనివ్వక, పొగంతా మెట్లదారి పట్టింది.

రెండో అంతస్తులో ఇంటినుంచే కంప్యూటరు ఉద్యోగం చేసే శ్రీజ తలుపు తీసి పొగ చూసింది. పై నుంచి మిషను రొద వింది. "ఆంటీ గోడ తగలబెట్టేశారు!" అని ఒకే పరుగున కిందికి వెళ్ళి, మొత్తం బిల్డింగ్ కరెంటు మెయిన్ ఆపేసింది.

నాలుగో అంతస్తులో బిట్టు సగం గోడలో బిగుసుకుపోయి ఆగింది.

"కరెంటు పోయింది మేడమ్. వస్తే చూద్దాం," అని ఏసుపాదం కూర్చోబోయాడు.

"కూర్చోకు. ముందు స్విచ్చి ఆపు. ప్లగ్గు పీకు. కరెంటు వచ్చినప్పుడు మిషను నిన్నడిగి మొదలవ్వదు."

అతను పీకాడు. అప్పుడే పొగ వాసన ఆవిడ గొంతుకి తగిలింది, దగ్గు తన్నుకొచ్చింది. బాల్కనీలోకి వచ్చి చూస్తే కింద జనం పోగయ్యారు. అందరి వేళ్ళూ ఆవిడ ఫ్లాటు వైపే చూపిస్తున్నాయి. "చెప్పాంగా, కన్నం పెట్టొద్దని! బిల్డింగ్ తగలబడితే ఎవరిది పూచీ?" అని ఎవరో అరిచారు.

"ఇక కట్టిపెట్టేద్దాం రమా," అన్నాడు అచ్యుతరామారావు. "మీటింగ్ దాకా కూడా అవసరం లేదు. ఇప్పుడే తీర్మానం చేసేట్టున్నారు."

"తీర్మానాలు వాళ్ళు చేసుకోనివ్వండి. నా గోడలో సగం కన్నం ఉంది. మిగతా సగం కూడా పడుతుంది." ఆవిడ తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని, నీళ్ళ పంపు డబ్బా భుజానికి తగిలించుకుని మెట్లు దిగింది. వెనకాల ఏసుపాదం, వాకింగ్ బూట్లు టకటకలాడించుకుంటూ.

మూడో అంతస్తులో సగం తెగిన గ్రిల్లు, పొగలో మసగ్గా ప్రెసిడెంటు. ఆవిడని చూడగానే ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"రావద్దు మేడమ్. నేనే తీసేస్తున్నాను కదా, వాళ్ళని పైనే ఆపండి."

"ఎవర్ని ఆపాలి? ముందు ఆ ప్లగ్గు తీశారా?"

"కరెంటే లేనప్పుడు ప్లగ్గు తియ్యడం ఎందుకండీ?"

జవాబు చెప్పే తీరిక ఆవిడకి లేదు. కరెంటు లేదని చూసుకుని, డబ్బా పంపు కొట్టి సోఫా మీద నీళ్ళు వదిలింది. చేలో మందు కొట్టినట్టు ఈ చివర నుంచి ఆ చివరికి వరసగా తడిపింది. సోఫా బుస్సుమని చల్లారింది. ఏసుపాదం ప్లాస్టిక్ పట్టాలు లాగేశాడు. పొగ విడిపోసాగింది.

రామకోటేశ్వరరావు ఏసుపాదాన్ని చూసి చేతులు జోడించాడు. "అయ్యా, మీరే కదా కోర్టు తరఫున? చూడండి, సగం పైగా కోసేశాను. అదొక్కటీ రాసుకోండి."

"కోర్టా?" ఏసుపాదం వెనక్కి తిరిగి చూశాడు, వెనకెవరన్నా ఉన్నారేమోనని. "నాది కోర్ కటింగండీ."

"అదే, కోర్టు కటింగు."

"కోర్టు కాదండీ. కోర్. కన్నాలు పెట్టే మిషను."

ఆ మాట ప్రెసిడెంటు బుర్రలోకి ఎక్కడానికి కొంత సమయం పట్టింది. ఎక్కాక ఆయన ముందు గ్రిల్లుని చూశాడు, తర్వాత సోఫాని, తర్వాత రమాసుందరిని. నడుం నిటారైంది. "అంటే నా అనుమతి లేకుండా కన్నం పెడుతున్నారా?" అని గర్జించాడు. "ఈ పొగంతా మీవల్లే. ఇప్పుడే అందరినీ పిలిచి..."

సరిగ్గా అప్పుడే, పొగ తగ్గిందని చూసి కింద శ్రీజ మెయిన్ వేసింది.

నేల మీద పడున్న గ్రైండరు లేచింది. లాక్ చేసిన స్విచ్చి, తీయని ప్లగ్గు దాని పక్షానే ఉన్నాయి. బొంగరంలా గిరగిరా తిరుగుతూ వరండా అంతా ఒక చుట్టు చుట్టి, వేలాడుతున్న కండువా కొస అందుకుంది. అందుకుని చుట్టుకోసాగింది. నాసిరకం గుడ్డయితే పర్రున చిరిగిపోయేది. మంగళగిరి నేత చిరగదు.

"వదిలెయ్యండి!" అని అరిచింది రమాసుందరి.

"సన్మానం కండువా అండీ!" రామకోటేశ్వరరావు రెండో కొస రెండు చేతులతో పట్టుకుని వెనక్కి వాలాడు. గ్రైండరు అటు లాగుతోంది, ప్రెసిడెంటు ఇటు లాగుతున్నాడు. లాగి లాగి ఆయనే జానెడు జానెడు ముందుకి పోతున్నాడు.

రమాసుందరి గ్రైండరు జోలికి పోలేదు. దాని వైరు వెంట ఆయన ఇంట్లోకి నడిచి, గోడ దగ్గర ప్లగ్గు పీకింది.

చప్పుడు ఆగింది. ప్రెసిడెంటు తడి సోఫాలో కూలబడ్డాడు. చేతిలో కండువా కొస ఒక్కటి మిగిలింది. మిగతాదంతా గ్రైండరు చుట్టుకుని ఉంది, ఈసారి సన్మానం దానికి జరిగినట్టు.

ఈలోగా మెట్ల నిండా జనం. తగలబడింది నాలుగో అంతస్తు కాదనీ, మూడోదనీ అందరికీ కనిపిస్తోంది. గ్రిల్లు కూడా కనిపిస్తోంది. "ఏంటండీ ఇది?" అంది శ్రీజ.

రామకోటేశ్వరరావు సోఫాలోంచి లేచి, అలవాటుకొద్దీ భుజం మీద కండువా సర్దుకోబోయాడు. అక్కడేమీ లేదు. "దారికి అడ్డం అనిపించి, నా అంతట నేనే గ్రిల్లు తీసేస్తున్నాను," అన్నాడు.

"మంచిది. మిగతా సగం మాత్రం గ్రైండరుకి రేకు బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని కోయండి," అంది రమాసుందరి. "నా కన్నం సంగతి రేపు మీటింగులో మాట్లాడుకుందామా, ఇక్కడే మాట్లాడుకుందామా?"

ఆయన నోరు తెరిచేలోపే, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని దగ్గుతూ సుబ్బరత్నం బయటికి వచ్చింది. ఏడాదిగా మొగుడి బిల్డింగ్ బలం కబుర్లు వింటూ అదే గాలాడని వంటింట్లో ఆవిడా వండుతోంది. ఆవిడ భర్త వైపు చూడలేదు. నేరుగా ఏసుపాదంతో అంది. "బాబూ, పైన వంటిల్లు అయిపోయాక, నాకూ అదే కొలతలో ఒక కన్నం పెట్టు."

"సుబ్బరత్నం, బిల్డింగ్ బలం..."

"మీరు సోఫా సంగతి చూడండి."

పన్నెండున్నరకి నాలుగో అంతస్తు కన్నంలోంచి గుండ్రటి ఇటుకముక్క జారి, చీరలు కట్టిన ఖాళీ సందులో ఎవరి నెత్తినా పడకుండా పడింది. ఒంటిగంటకి రమాసుందరి మూకుట్లో గుప్పెడు మిరపకాయలు వేసింది. ఘాటు గొట్టంలోంచి బయటికి పోయింది. ఆవిడ దగ్గలేదు. ఇంకో గుప్పెడు వేసింది, అవసరం లేకపోయినా.

ఏసుపాదం సాయంత్రం దాకా మూడో అంతస్తులోనే ఉండిపోయాడు. అచ్యుతరామారావు వాకింగ్ బూట్లు కూడా అక్కడే ఉండిపోయాయి.

చీకటి పడే వేళకి పక్క అపార్టుమెంటు వాచ్‌మన్ గేటు దగ్గరికి వచ్చి అమలమ్మని అడిగాడు. "మీ బిల్డింగుకి కోర్టోళ్ళు వచ్చారంటగా, ఏం తేల్చారు?"

"గ్రిల్లు తీసెయ్యమన్నారు," అంది అమలమ్మ. "కండువా జప్తు చేశారు."