ఒక అతుకు, రెండు సున్నాలు

నా సంతకానికి బంధుత్వాలు లేవు! విద్యుత్ లైసెన్సుల ఆఫీసులో పరీక్షాధికారిగా పాతికేళ్లుగా ప్రతి సభలోనూ ఈ మాటే చెబుతున్నాను. అందరూ చప్పట్లు కొడతారు. అందరూ నా కింద పనిచేసేవాళ్లేననుకోండి, అది వేరే సంగతి.

అలాంటి నా దగ్గరికి మా బావమరిదే పరీక్ష రాయడానికొచ్చాడు. సొంతంగా హీటర్లు చేసి అమ్ముకుంటాడు. లైసెన్సు తెచ్చుకునేదాకా కొట్టు మూసెయ్యమని నోటీసిచ్చారు పాపం. నోటీసు మీద సంతకం నాదే.

ప్రశ్న చాలా తేలిక. హీటరు కాయిల్ కొసను కరెంటు వైరుకు ఎలా కలపాలి? సోల్డరింగ్ చేసి, అంటే సీసం కరిగించి అతికి, కలపాలని మా ఆఫీసు పుస్తకంలో అచ్చేసి ఉంది. మావాడేమో తీగ కొసను మడిచి, మెలిపెట్టి, రెండు వాషర్ల మధ్య బోల్టుతో బిగించాలని రాశాడు. సోల్డర్ పెడితే వేడికి కారిపోతుందట! పుస్తకానికి తెలియని వేడి వీడికెలా తెలిసిందండీ? సున్నా చుట్టాను.

ఇంట్లో మా ఆవిడ రెండ్రోజులు చారన్నమే వడ్డించింది. మూడోరోజు సవాలు విసిరింది.

"మీ పుస్తకం చూసి మీరే ఒక హీటరు చేసి చూపించండి."

చేశాను! పుస్తకం ఒళ్లో పెట్టుకుని, అక్షరం పొల్లుపోకుండా సోల్డరింగ్ చేశాను. స్విచ్చి వేస్తే కాయిల్ ఎర్రబడింది. నేను మీసం దువ్వుకునేలోపే సోల్డర్ బొట్లు బొట్లుగా కారింది, తీగ ఊడింది, ఫ్యూజు ఎగిరిపోయింది. ఆవిడ తమ్ముడికి ఫోన్ చేసింది.

వచ్చాడు. నవ్వలేదు. అదే నాకు ఒళ్లు మండించింది. కొసలు శుభ్రంగా గీకి, వాషర్లు వేసి, బోల్టులు బిగించి పది నిమిషాల్లో వెళ్లిపోయాడు. హీటరు భేషుగ్గా పనిచేసింది. మర్నాడే దాన్ని ఆఫీసుకు తీసుకెళ్లి నా బల్ల కింద పెట్టించుకున్నాను.

నేనేమన్నా మూర్ఖుణ్ణా? తప్పు తెలిశాక దిద్దుకోవద్దూ? పుస్తకంలో సోల్డరింగ్ కొట్టేసి, వాషర్లూ బోల్టులూ అని సవరించి, కింద 'స్వీయ పరిశోధన' అని చేర్చాను. పైవాళ్లు ప్రశంసాపత్రం ఇచ్చారు. బావమరిది పాత పేపరు మాత్రం ముట్టుకోలేదు. దిద్దిన రోజున అది తప్పు జవాబే కదా! మళ్లీ రాయమన్నాను. సవరణ సంగతి మాత్రం చెప్పలేదు. పరీక్షల రహస్యాలు బంధువులకు చెబుతానా?

రెండోసారీ అదే ప్రశ్న. రాసి బయటికొస్తూ నా దగ్గర ఆగాడు.

"ఈసారి బుద్ధిగా మీ పుస్తకంలో ఉన్నట్టే రాశాను బావా. కొట్టు మూసి నెలయింది."

పేపరు తీశాను. 'సోల్డరింగ్ చేసి కలపాలి' అని గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది. నా గుండె కలుక్కుమంది, ఒట్టు! కానీ రూలు రూలే. రెండో సున్నా చుట్టి, పక్కన 'వృత్తి పరిజ్ఞానం శూన్యం' అని రాశాను. కాళ్ల దగ్గర హీటరు వెచ్చగా ఉండబట్టి, ఆ చలిలోనూ సున్నా గుండ్రంగా వచ్చింది.