తలలో కొడుకు, తోకలో తండ్రి

ఆ ఉదయం టోక్యోలో, అగ్గిపెట్టె లాంటి హోటల్ గదిలో వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, స్టేడియం ముందు నిలబడడం, రెండు టికెట్లు సంపాదించడం, నాన్నకి ఫైనల్ చూపించడం. చిక్కల్లా ఒకటే. నాన్న పోయి నెల దాటింది.

లియావ్ కున్‌మావ్ తైవాన్‌లో, చియాయి ఊళ్ళో స్కూటర్లు బాగుచేస్తాడు. అతని తండ్రి తియెన్‌సాంగ్‌కి బేస్‌బాల్ తప్ప మరో దేవుడు లేడు. యాభయ్యేళ్ళ ఓటముల్ని చెక్కుచెదరకుండా మోసిన ఆయన గుండె, దేశాన్ని ఆసియా పోటీలకి చేర్చిన ఒక్క గెలుపుని మొయ్యలేకపోయింది. ఆఖరి బంతికి జట్టు గట్టెక్కింది, ఆయన గోడెక్కాడు. ఇప్పుడా జట్టే జపాన్‌తో ఫైనల్ ఆడుతోంది. అమ్మ పూజగూట్లోంచి పటం దించి పిల్లలిద్దరి చేతుల్లో పెట్టింది. "ఈ ఆట చూడందే ఆయన కుదురుగా ఉండడు, నన్నూ ఉండనివ్వడు. చూపించి, పటం భద్రంగా తీసుకురండి," అంది. టికెట్లు ఎలా వస్తాయో మాత్రం చెప్పలేదు. అవి అమ్ముడైపోయి చాలా కాలమైంది.

"నాన్నా, ఈ గదిలోనే టీవీలో చూస్తావా?" అని పటాన్ని అడిగి అక్క మీయూన్ రెండు నాణేలు ఎగరేసింది. ఒకటి బొమ్మా ఒకటి బొరుసూ పడితే పోయినవాళ్ళు సరేనన్నట్టు. రెండూ బొరుసులే పడ్డాయి. మళ్ళీ ఎగరేస్తే రెండూ బొమ్మలే.

"బతికున్నప్పుడూ ఇంతే. టీవీ చిన్నదని అలిగేవాడు," అన్నాడు కున్‌మావ్.

"మరి స్టేడియానికే వస్తావా?"

బొమ్మా బొరుసూ. మూడుసార్లూ అదే.

"చచ్చాం," అన్నాడు తమ్ముడు.

"చచ్చింది ఆయన. చావొచ్చింది మనకి," అంది అక్క.

మీయూన్‌కి జపాను సీరియళ్ళ పుణ్యమా అని ఆ భాష కాస్త వచ్చు. ఒక అట్టకి కర్ర తగిలించి, ఒకవైపు 'రెండు టికెట్లు కావాలి' అని రాసింది. రెండోవైపు, వాన పడుతుందేమోనని ప్లాస్టిక్ కాగితం చుట్టి, నాన్న పటం అంటించింది. రాత జనం వైపుకి, నాన్న స్టేడియం వైపుకి. గోడనైనా చూస్తూ ఉంటాడని.

స్టేడియం మెట్ల దగ్గర వాళ్ళు నిలబడ్డారో లేదో వాన అందుకుంది. నాన్నకి ప్లాస్టిక్ కట్టారు గాని రాతకి కట్టలేదు. అక్షరాలు నీళ్ళై కారిపోయాయి. మిగిలింది ఖాళీ అట్ట. "కొత్త పెన్ను కొనుక్కొస్తా. కదిలావంటే చంపుతా," అని మీయూన్ దుకాణం వెతుక్కుంటూ వెళ్ళింది.

జపాన్‌లో పొడుగాటి క్యూలకి ఒక మర్యాద ఉంది. అందరికన్నా చివరనున్న మనిషి ఎత్తుగా ఒక బోర్డు పట్టుకుని నిలబడతాడు. తరవాత వచ్చినవాడు దాన్ని అందుకుని తానే తోకవుతాడు. టికెట్టు దొరక్క తిరుగుతున్న ఒక పెద్దమనిషికి వానలో ఒంటరిగా, కదలకుండా, బోర్డెత్తి నిలబడ్డ కున్‌మావ్ కనిపించాడు. మనిషి ఒక్కడైనా తోక తోకే. ఆయన వచ్చి, నడుం వంచి, రెండు చేతులూ చాచాడు. రెండు చేతులతో అడిగినదాన్ని రెండు చేతులతో ఇవ్వకపోవడం చియాయిలో పుట్టినవాడికి చేతకాదు. పాపం, కాసేపు మోస్తానంటున్నాడు కాబోలనుకుని కున్‌మావ్ ఇచ్చేశాడు. పెద్దమనిషి వెనక్కెళ్ళి నిలబడ్డాడు. అట్ట మీది పటం చూసి పాతకాలం ఆటగాడెవరోననుకుని దానికీ ఒక నమస్కారం పెట్టాడు.

ఆయన వెనక మరొకాయన. ఆ వెనక కాలేజీ అమ్మాయిలు. ఇంత క్యూ ఉందంటే టికెట్లు అమ్ముతున్నట్టేగా. ఆ వరసకి వావి లేకుండా ఊరంతా వచ్చి కలిసింది. చెయ్యి మారిన కొద్దీ బోర్డు వెనక్కి వెనక్కి వెళ్ళి, స్టేడియం మలుపు తిరిగి మాయమైంది. అప్పుడుగాని కున్‌మావ్‌కి దాని వెనకవైపున్న నాన్న గుర్తు రాలేదు.

"మా నాన్న," అన్నాడు వెనక పెద్దమనిషితో, మలుపు వైపు చూపిస్తూ. "మా నాన్న కావాలి."

తైవాన్ మాట పెద్దమనిషికి ఎక్కలేదు. ఆయన దూరంగా ఊగుతున్న బోర్డు కొస చూసి తృప్తిగా తల ఊపి, బొటనవేలు చూపించాడు.

మీయూన్ పెన్నుతో వచ్చి, తమ్ముణ్ణీ వాడి వెనక జనసముద్రాన్నీ చూసి నిర్ఘాంతపోయింది. "ఏమిట్రా ఇది? నాన్న ఏడి?"

"వెనక్కెళ్ళాడు."

"పోయినవాడు వెనక్కెలా వెళ్తాడ్రా?"

"ఇచ్చేశానక్కా. చేతులు చాచి అడిగారు."

"అడిగితే ఇచ్చేస్తావా? స్కూటరనుకున్నావా? తలకొరివి పెట్టినవాడివి, తలకాయ ఉండక్కర్లా?"

"నువ్విక్కడ నిలబడు, నేను వెళ్ళి తెస్తా."

"నీకు భాషొచ్చా? నోరుమూసుకుని చోటు చూసుకో," అని ఆవిడ మలుపు వైపు పరుగెత్తింది.

అక్కడ స్టేడియం అధికారులకి చెమటలు పడుతున్నాయి. అమ్మకమే లేని చోట ఇంత క్యూ. జనాన్ని పొమ్మంటే తప్పు, ఉండమంటే ముప్పు. చివరికి ఎవరో వాపసు చేసిన కొద్ది సీట్లు బయటికి తీశారు. టికెట్ల కౌంటరేమో స్టేడియానికి అవతలివైపుంది, తోక వెళ్ళి సరిగ్గా దాని ముందు ఆగింది. మైకులో మర్యాదగా ఒక మాట వినిపించింది. దయచేసి అందరూ ఉన్నచోటనే వెనక్కి తిరగండి, అమ్మకం అటునుంచి మొదలవుతుంది. ఒక్కరు గొణిగితే ఒట్టు. అందరూ నిలబడ్డచోటే తిరిగారు. వెన్నులన్నీ ముఖాలయ్యాయి, తోక తలైంది. వానలో మొదట వచ్చిన కున్‌మావ్, వెనక్కి చూస్తే ఎవరూ లేని చివరివాడయ్యాడు.

మీయూన్ కౌంటర్ చేరేసరికి టికెట్లు అయిపోయాయని అడ్డంగా తాడు కట్టేశారు. "బోర్డు పట్టుకున్నవారు ఏరీ?" అని రొప్పుతూ అడిగింది.

"ఆ పెద్దావిడా? మొదటి టికెట్టు ఆవిడదే," అంది కౌంటర్ పిల్ల. "బోర్డు ఇక్కడ పెట్టి వెళ్ళండమ్మా అన్నాను. తన వెనక ఎవరూ రాలేదు, తరవాతివారికి అందించేదాకా తన బాధ్యతేనని లోపలికి తీసుకెళ్ళారు. పాపం, చాలా పద్ధతి గల మనిషి."

చివరి టికెట్టు వీళ్ళకి చాలా ముందే అయిపోయింది. అక్కాతమ్ముళ్ళు స్టేడియం బయట పెద్ద తెర ముందు, తడిసి నిలబడ్డారు. ఉత్త చేతులతో ఇంటి గడప ఎలా తొక్కాలో కున్‌మావ్‌కి తోచలేదు. గూట్లో పటం ఉన్నచోట మసి అంటకుండా మిగిలిన చతురస్రమే కళ్ళలో మెదులుతోంది. అక్క కొత్త పెన్నుని నలిపేస్తోంది.

ఆట మొదలైంది. మూడో ఇన్నింగ్స్‌లో కెమెరా జనం మీదికి మళ్ళింది. జపాన్ జెర్సీలో ఒక పెద్దావిడ, రెండోవరసలో. ఆవిడ ఒళ్ళో, మైదానం వైపు ముఖం పెట్టి, తడిచుక్క అంటని నాన్న. ఎదరున్నవాడి టోపీ అడ్డమొస్తోందని ఆవిడ ఆయన్ని కొంచెం పైకెత్తి పట్టుకుంది. కున్‌మావ్ ఏడ్చేశాడు. అక్క చూడనట్టు ఊరుకుంది.

ఫోన్ మోగింది. అమ్మ. చియాయిలో టీవీ ముందు కూర్చుంది.

"చూశాన్రా, ఆయన్ని చూశాను," అంది. అంతలోనే గొంతు మారింది. "మీరిద్దరూ ఎక్కడ చచ్చారు? ఆయన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న ఆవిడెవర్రా?"

కున్‌మావ్ అక్క వైపు చూశాడు. అక్క తెర వైపు చూసింది. జవాబు చెప్పవలసిన మనిషి మాత్రం, బతికున్న రోజుల్లోలాగే, ఆట నుంచి చూపు తిప్పలేదు.