‘నా’ అంటే తప్పు, ‘మా’ అంటే తప్పు

నాయకుడికి నాలుక ఒకటీ, సిద్ధాంతాలు రెండూ ఉండటం ప్రజలు చేసుకున్న పుణ్యం! నవ్వకండి. నిరూపిస్తాను.

వ్యక్తి ముఖ్యమా, సమూహం ముఖ్యమా అని పండితులు తరతరాలుగా జుట్లు పట్టుకుంటున్నారు. ఆ గొడవలో ప్రభుత్వాలు కూలాయి, విగ్రహాలు లేచాయి, లేచినవి పడ్డాయి. పాపం, వాళ్ళలో ఒక్కరైనా మా అక్క పనిచేసే చొక్కాల షెడ్డుకి వచ్చి చూడలేదు. చూసుంటే ఎంత కాగితం మిగిలేది!

రేకుల కప్పు, పొడుగాటి హాలు, వరసగా కుట్టుమిషన్లు. మా అక్క కాలర్లు కుడుతుంది. ఆ షెడ్డుని నడిపేది ఉపన్యాసం గారు. కన్నవాళ్ళు పెట్టిన పేరు వేరే ఉంది. కానీ “భోంచేశారా” అని అడిగినా అరగంట మాట్లాడతారు కనుక పనివాళ్ళు ఈ పేరు ఖాయం చేశారు.

మొదట్లో దేశంలో ‘మనం’ రోజులు నడిచేవి. షెడ్డు ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. ఆ రోజుల్లో అక్క ఒకసారి ఉపన్యాసం గారి గదికి వెళ్ళింది. సూది కిందికి వేలు జారకుండా మిషన్‌కి చిన్న తీగ కవచం ఉంటుంది, గార్డు అంటారు. అక్క మిషన్‌కి అది ఊడిపోయింది.

“నా మిషన్‌కి గార్డు వేయించండి సార్.”

ఆయన తేలు కుట్టినట్టు లేచారు. “నా మిషనా? ‘నా’ ఏమిటమ్మా, ‘నా’? ఆ ఒక్క అక్షరం వల్లే కదా లోకం ఇలా తగలడింది!”

ఎంత ఉన్నతమైన ఆలోచన! గార్డు వస్తే అందరికీ రావాలి, లేదా ఎవరికీ రాకూడదు. కొన్నాళ్ళకి మిగతా మిషన్ల గార్డులు కూడా ఒక్కొక్కటే తుప్పుపట్టి రాలిపోయాయి. విప్లవం తేలేకపోయిన సమానత్వం తుప్పు తెచ్చింది.

అక్క కొడుక్కి జ్వరమొచ్చి సెలవడిగితే, “నీ కొడుకేమిటమ్మా, వాడు మనందరి కొడుకు!” అన్నారు. వింటుంటే నాకు కళ్ళు చెమర్చాయి. మనందరి కొడుకు ఆ రోజంతా ఇంట్లో ఒక్కడే మూలుగుతూ పడుకున్నాడు.

తర్వాత ప్రభుత్వం మారింది. ‘నేను’ రోజులొచ్చాయి. షెడ్డు గోడ మీది ‘మనం’ నినాదానికి సున్నం కొట్టారు. అందరిదీ అయిన షెడ్డు అమ్మకానికొచ్చింది. అందరి తరఫునా అమ్మింది ఉపన్యాసం గారు. సొంతానికి కొనుక్కుందీ ఉపన్యాసం గారే! అంత పెద్ద బేరంలో అమ్మినవాడికీ కొన్నవాడికీ ఒక్క మాట పట్టింపు రాలేదు. ఇంత సామరస్యం మీరెక్కడైనా చూశారా?

ఆయన ఒంటి మీద ముతక చొక్కా పోయి కోటు వచ్చింది. అక్క ఈసారి తెలివిగా వెళ్ళాననుకుంది. పాఠం నేర్చుకుంది కదా! ‘నా’ అనే మాట నోట రానివ్వలేదు.

“మా అందరి మిషన్లకీ గార్డులు వేయించండి సార్.”

“అందరా? అందరూ అంటే ఎవరమ్మా?” ఆయన కిటికీలోంచి హాల్లోకి తొంగి చూశారు. “నాకు ఒక్కొక్క మనిషే కనబడుతోంది. అందరూ అనే మనిషి ఎక్కడా కనబడటం లేదే! ఆ భ్రమలోంచి ముందు బయటపడు.”

అక్క బయటపడింది, గదిలోంచి.

ఆ వారమే సూది ఆమె చూపుడువేలి గోట్లోంచి దిగి, లోపలే విరిగింది. గుండీలు కుట్టే పిన్ని తన చీరకొంగు చింపి కట్టు కట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కబురు తెలిసి నేను షెడ్డుకి పరుగెత్తాను. ఉపన్యాసం గారు నన్ను ఆప్యాయంగా కూర్చోబెట్టారు.

“చూడు బాబూ, మీ అక్క వేలు మీ అక్క సొంత ఆస్తి. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలనేది ఆవిడ స్వేచ్ఛ. అందులో నేనెలా జోక్యం చేసుకుంటాను?”

ఆలోచించండి! ఏ రాజు, ఏ చక్రవర్తి ఒక కుట్టుపని మనిషికి ఆమె వేలి మీద సర్వహక్కులూ రాసిచ్చాడు? ఇంతకన్నా గొప్ప స్వాతంత్ర్యం ఉంటుందా?

అయితే ఆ స్వాతంత్ర్యం మర్నాడు షెడ్డులో కొంచెం మోతాదు మించింది.

గేటు దగ్గర లారీ, లోడుకి చొక్కాలు సిద్ధం కావాలి. పొద్దున్నే అందరూ వచ్చి మిషన్ల ముందు కూర్చున్నారు గానీ, ఒక్క మిషనూ కదల్లేదు. ఉపన్యాసం గారు ఊడిపడ్డారు.

“ఎవరు ఆపమన్నారు? ఎవరు మీ లీడరు?”

“ఎవరూ లేరండి,” అంది గుండీల పిన్ని. “నాకెందుకో కుట్టబుద్ధి కాలేదు.”

“నా నడుం పట్టేసిందండి,” అన్నాడు కటింగ్ మాస్టర్. “నా సొంత నడుమేనండి.”

“నాకు దాహంగా ఉంది,” అంది ఇస్త్రీ చేసే ఆమె. గ్లాసు పక్కనే ఉంది. తాగలేదు. అది ఆమె స్వేచ్ఛ.

“అందరికీ ఒకేసారి వచ్చిందా?” అని ఆయన అరిచారు.

“అందరూ అంటే ఎవరండీ?” అంది పిన్ని అమాయకంగా హాలంతా కలియజూసి.

ఉపన్యాసం గారి జీవితంలో మాట తడబడటం అదే మొదలు. అందర్నీ పనిలోంచి తీసేస్తానందామంటే, అందరూ అనేవాళ్ళు లేరని చెప్పింది తనే! ఒక్కొక్కర్నీ పిలిచి బతిమాలారు, ఒక్కొక్కర్నీ బెదిరించారు. ఒక్కొక్కరూ ఒక్కటే చెప్పారు: గార్డు. లారీ డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. సాయంత్రానికల్లా మెకానిక్ వచ్చి మిషన్లన్నిటికీ గార్డులు బిగించాడు.

ఇక్కడితో ఆయన ఓడిపోయారనుకుంటే మీకు రాజకీయ చరిత్ర తెలియదన్నమాట! వారం తిరక్కుండా షెడ్డు ముందు షామియానా వేయించారు. విలేకరులొచ్చారు. వ్యక్తిలో సమూహం, సమూహంలో వ్యక్తి అనే సరికొత్త సిద్ధాంతాన్ని ఆయన ఆవిష్కరించారు. చిన్నప్పట్నుంచీ తను నమ్మింది ఇదేనట! గార్డులు దాని తొలి ఫలాలట! కట్టుకట్టిన వేలితో సహా అక్కని వేదిక మీదికి పిలిచి, పక్కన నిలబెట్టుకుని ఫొటో దిగారు. మొదటి వరసలో కూర్చుని అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే.

“రెండు మాటలు చెప్పమ్మా,” అని మైకు ఆమె చేతికిచ్చారు.

అక్క మైకు అందుకుంది. తర్వాత ఆయన వైపు తిరిగింది.

“గార్డులు వేయించారు, సంతోషం సార్. చిన్న అనుమానం. ఈ కొత్త దాంట్లో మిషన్ మీద కూర్చునేది ఎవరండీ?”

అంత లోతైన సిద్ధాంతాన్ని అంత చిన్న ప్రశ్న అడగొచ్చా? చదువుకున్నవాణ్ణి, నాకు సిగ్గేసింది. ఆయన నవ్వుతూ మైకు కోసం చెయ్యి చాచారు. అక్క ఇవ్వలేదు. జవాబు కోసం ఆయన మొహంలోకి చూస్తూ అలాగే నిలబడింది.

చివరికి ఆయన ఏదో అన్నారు. మైకు లేకపోయేసరికి రెండో వరసక్కూడా వినబడలేదు. నాకు మాత్రం వినబడింది.

“ఇంకెవరమ్మా? మీరే కదా!”

ఇన్నేళ్ళలో ఆయన చెప్పినవాటిలో నాకు పూర్తిగా అర్థమైంది ఈ ఒక్క ముక్కే. మర్నాడు పత్రికలన్నీ తిరగేశాను. సిద్ధాంతం మొత్తం వచ్చింది. ఇదొక్కటే రాలేదు.