పేలని తోటాల రామచంద్రం

దసరాకు రెండు రోజుల ముందు పొద్దున రామచంద్రం వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. మొదటి బస్సుకు హైదరాబాదు పోవాలి. రెండు డబ్బాల తుపాకి మందు, ఒక సంచెడు సీసపు గుండ్లు కొనాలి. సాయంత్రం బస్సుకు నల్లగొండలో దిగాలి. ఈలోగా భార్య అండాలు ఆయుధ పూజకు దుకాణం సిద్ధం చేయాలి. "పండుగకు సామానంత సాఫుగ ఉండాలె, మకిలి కనవడొద్దు," అని చెప్పి మరీ బస్సెక్కాడు. నోరు మూసుకుని ఎక్కి ఉంటే మనకీ కథ లేదు.

అది 1947. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి రెండు నెలలైంది, నల్లగొండకు ఇంకా రాలేదు. బజారులో రామచంద్రానిది వేట సామాను దుకాణం. నిజాం సర్కారు ఇచ్చిన లైసెన్సు అద్దం కట్టించుకుని గోడకు వేలాడుతుండేది. దొరలు, వేటగాళ్ళు కాల్చిపారేసిన ఇత్తడి తోటాలను ఏరి తెచ్చి ఇస్తే, ఆయన వాటిని మళ్ళీ నింపి ఇచ్చేవాడు. తోటా అడుగున కందిగింజంత రాగి టోపీ బిగించాలి. పైన కొలత ప్రకారం మందు, దాని మీద అట్టబిళ్ళ, ఆపైన గుండ్లు. తుపాకి సుత్తె ఆ టోపీ మీద పడితేనే నిప్పు, నిప్పు తగిలితేనే మందు. ఇరవై రెండేళ్ళలో ఆయన చేతి తోటా ఒక్కటీ పేలకుండా పోలేదు. రామచంద్రం తోటా తప్పదని జిల్లాలో నలుగురు అనుకునేవారు. ఆ నలుగురికీ చెప్పింది ఆయనే అనుకోండి, అయినా మాట నిజమే.

అండాలుకు కూడా ఒక పేరుంది. ఆమె తోమిన చెంబులో ముఖం చూసుకుని బొట్టు పెట్టుకోవచ్చని వాడకట్టంతా ఒప్పుకుంటుంది. ఆ రోజు త్రాసులు తోమింది, కొలత గిద్దెలు తోమింది, ఖాళీ తోటాలు తోమింది. ఇంకేం మిగిలిందా అని అటక మీద చూస్తే రెండు డబ్బాల నిండా ఐదు వందల రాగి టోపీలు కనిపించాయి. మసిబారి, దిగులుగా ఉన్నాయి.

ఎదురు దుకాణంలో పొగాకు అమ్మే భిక్షం గుమ్మంలోంచి చూశాడు. "వదినా, గవి గూడ తోముతవా?"

"నాగలికి పూజ చేస్తరు, కత్తికి చేస్తరు, గివేం పాపం చేసినయి?" అంది అండాలు. టోపీలన్నీ గంగాళంలో పోసి, చింతపండు పిసికి, మధ్యాహ్నం దాకా నానబెట్టింది. ఒక్కొక్క టోపీలో గట్టిపడిన మకిలి మెత్తబడగానే చీపురుపుల్లతో ఓపికగా తీసేసింది. ఎండలో ఆరబోసి, డబ్బాలకెత్తి, మూతలకు పసుపు కుంకుమలు పెట్టింది. ఐదు వందల టోపీల్లో మకిలన్నది లేదు. నిప్పు పుట్టించేది ఆ మకిలేనని ఆమెకు ఎవరు చెప్పారు గనుక?

ఆయుధ పూజనాడు పనిముట్లను ముట్టకూడదు కాబట్టి రామచంద్రం డబ్బా మూత తీయలేదు. దసరానాడు తెల్లవారగానే రఘుపతిరావు దొర మనిషి రెండు వందల ఖాళీ తోటాల గంప దించాడు. మధ్యాహ్నానికల్లా నింపి ఇవ్వాలన్నాడు. అడవిపందుల వేటట. డబ్బా తెరిచిన రామచంద్రం ధగధగలు చూసి మురిసిపోయాడు. "కంపెనీవాడు గీ తాప అసలు మాల్ పంపిండు," అన్నాడు. టోపీ లోపలికి చూడాలంటే కళ్ళద్దాలు కావాలి. గిరాకీ ముందు కళ్ళద్దాలు పెట్టుకుంటే చూపు మందగించిందని బజారుకు చాటినట్టే. అందుకని వేళ్ళ గుర్తుతోనే రెండు వందలూ బిగించి, నింపి, గంపలో వరసగా పేర్చాడు. అంత అందమైన తోటాలను నల్లగొండ ఎన్నడూ చూడలేదు.

మర్నాడు పొద్దున భిక్షం వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. భిక్షానికి ఏ వార్తనైనా సగం చెప్పి చుట్ట ముట్టించుకునే అలవాటు.

"దొర వేటకు పోయింది పందుల మీదికి కాదన్నా. ఎర్రమిట్ట మీదికి. సంఘపోల్లు బంజరు దున్నుకున్నరని ఇరువై తుపాకులతోని పోయిండు," అని చెప్పి చుట్ట కోసం జేబు తడుముకున్నాడు.

అండాలు చేతిలో చేట కింద పడింది. ఎర్రమిట్ట ఆమె పుట్టిన ఊరు. తల్లి హనుమమ్మ అక్కడే ఉంది. తమ్ముడు దశరథం దొరలకు ఎదురుతిరిగిన ఆ రైతు సంఘంలోనే ఉన్నాడు.

"నీ తోటా తప్పదంటివి గద," అంది మొగుడితో. ఆ మాట మెల్లగానే అంది. ఎవరి కోసమని దుకాణందారు అడగకూడదని ఇన్నేళ్ళూ అనుకున్న రామచంద్రం, ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేదని ఇప్పుడు తనను తానే తిట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి, తన తోటా తప్పాలని దేవుడికి మొక్కాడు.

భిక్షం చుట్ట అంటుకుంది. రెండు దమ్ములు లాగాడు.

"ఏమయిందో చెప్పు భిక్షం, నీ కాల్మొక్కుత," అంది అండాలు.

"ఏమయితది వదినా, ఒక్కటి పేల్లేదు. టిక్కు, టిక్కు, గంతే. మీ ఊరోల్లు ఒడిసెలలతోని రాళ్ళు రువ్వి, దొరను చెప్పులు ఇడిచిపెట్టి ఉరికేటట్టు చేసిండ్రు. మీ తమ్మునికి గోరంత దెబ్బ తాకలే."

అండాలు కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది, వెంటనే నవ్వింది. రామచంద్రం కూడా గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. ఆ గాలి వదిలే లోపలే ఆయన ముఖం మారిపోయింది.

"ఒక్కటి గూడ పేల్లేదా?"

"ఒక్కటి గూడ."

"సక్కగ లెక్కవెట్టి చెప్పు. రెండు వందలల్ల ఒక్కటన్న పేలి ఉంటది."

"నా తమ్ముడు బతికిండని సంతోషపడుతున్నవా, తోటా పేల్లేదని ఏడుస్తున్నవా?" అంది అండాలు.

"రెండు గూడ," అన్నాడు రామచంద్రం. అబద్ధమాడే స్థితిలో లేడు పాపం.

పరువు సంగతి మరిచిపోయి కళ్ళద్దాలు తగిలించుకున్నాడు. డబ్బాలోంచి ఒక టోపీ తీసి వెలుగుకు పెట్టి చూశాడు. ఇంకొకటి చూశాడు. పదోది కూడా లోపల ఖాళీగానే ఉంది. "గివిటిని ఎవరన్న ముట్టిండ్రా?"

"ముట్టుడేంది, చింతపండేసి తోమిన. లోపల మకిలి గూడ పుల్లవెట్టి తీసిన," అంది అండాలు, మెచ్చుకుంటాడేమోనని ఎదురుచూస్తూ.

అంతలోనే దొర మోటారు వచ్చి దుకాణం ముందు ఆగింది. రఘుపతిరావు దొర దిగాడు. కాళ్ళకు కొత్త చెప్పులు, చేతిలో జోడు గొట్టాల తుపాకి. బజారంతా ఎక్కడి పని అక్కడ ఆపేసింది.

"ఏం రా రామచంద్రం, సరుకు ఖరాబయిందా, నువ్వు ఖరాబు చేసినవా? ఎర్రమిట్ట నీ అత్తగారి ఊరంట గద. నిజం చెప్పు," అన్నాడు దొర.

నిజం చాలా చిన్నది. నా పెండ్లాం తెలియక తోమింది, నేను చూసుకోలేదు అంటే ప్రాణం దక్కుతుంది. అయితే రేపటి నుంచి, పెళ్ళాం టోపీలు కడిగేస్తే కూడా కనిపెట్టలేని గుడ్డివాడని జిల్లా అంతా చెప్పుకుంటుంది. రామచంద్రం గోడకున్న లైసెన్సు వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. మెడ నిటారుగా నిలబెట్టాడు.

"నా చేతిల తోటా తనంతట తాను ఖరాబు గాదు దొరా. నేనే చేసిన. ఒక్కటి గూడ పేలొద్దని చేసిన, ఒక్కటి గూడ పేల్లేదు. గదీ పనితనం."

దొర తుపాకి ఎత్తి ఆయన ఛాతీకి గురిపెట్టాడు. పోయిన నెల నింపి ఇచ్చిన పాత తోటా అందులో ఉంటే ఏమవుతుందో రామచంద్రం కంటే బాగా తెలిసినవాడు ఆ బజారులో లేడు. అయినా పక్కకు జరగలేదు. దొర మీట నొక్కాడు. టిక్కుమంది. రెండో గొట్టం మీట నొక్కాడు. అదీ టిక్కుమంది.

మొదట నవ్వింది భిక్షం. తర్వాత బట్టల దుకాణం నవ్వింది, ఉప్పు దుకాణం నవ్వింది, చివరికి దొర మోటారు నడిపేవాడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నలభై ఊళ్ళను గడగడలాడించిన మనిషి తిరిగి మోటారెక్కాడు. వారం తిరగకుండా గడీకి తాళం వేసుకుని హైదరాబాదు చేరాడు. దశరథం బండెడు జొన్నలతో వచ్చి బావకు దండ వేశాడు. హనుమమ్మ అల్లుడి తల మీద చేయి పెట్టి, "నా ఊరిని నిలబెట్టినవు బిడ్డా," అంది. తోమిందెవరో అండాలు తల్లికి కూడా చెప్పలేదు. మొగుడు దండలో ఎంత బాగున్నాడో చూస్తూ నిలబడింది, గర్వంతో ఆమె కళ్ళు చెమర్చాయి.

అంతా బాగానే ఉంది గాని, దుకాణంలో గిరాకీ చచ్చిపోయింది. దొరలు ఆయన తోటాలంటే భయపడ్డారు. కౌజుపిట్టలు కొట్టుకునేవాడు ఒకడు వచ్చి, ఎంతో మర్యాదగా, "నువ్వు పెద్దమనిషివే గని, మాకు పేలేటివి గావాలె," అని వెళ్ళిపోయాడు. రామచంద్రం కొత్త టోపీలు తెప్పించాడు. కళ్ళద్దాలు పెట్టుకుని ఒక్కొక్క దాన్నీ రెండుసార్లు చూసి తోటాలు నింపాడు. కొనేవాడే లేడు. పేలని తోటాల రామచంద్రం అని జనం ప్రేమగానే పిలిచేవారు. పిలిచిన ప్రతిసారీ ఆయనకు ముల్లు దిగినట్టుండేది.

మరుసటి సెప్టెంబరులో భారత యూనియన్ సైన్యం వచ్చింది. ఆయుధాలన్నీ అప్పగించమని దండోరా వేశారు. ఒక మిలిటరీ అధికారి దుకాణం ముందు బల్ల వేయించుకుని, చుట్టుపక్కల పట్టుకున్న తుపాకులు దాని మీద పేర్పించాడు. దొరలకు తోటాలు అమ్మింది నువ్వేనా అని ఉర్దూలో గద్దించాడు. సిపాయిలు రామచంద్రాన్ని చెరో పక్కా పట్టుకున్నారు.

భిక్షం చేతులు జోడించి ముందుకొచ్చాడు. బజారంతా అతని వెనకే కదిలింది. "సర్కార్, గీయన దేవుడసుంటోడు. గీయన తోటా ఒక్కటి గూడ పేలదు. జిల్లాల ఎవర్నన్న అడుగుండ్రి," అని ఉర్దూ తెలుగు కలిపి మొరపెట్టుకున్నాడు. అందరూ అవునవునన్నారు.

అధికారి ముఖం మెత్తబడింది. సరుకు పనికిరానిది, మనిషి అమాయకుడు అని కాగితం రాసి, సంతకం పెట్టి చదివి వినిపించాడు. సిపాయిలు చేతులు వదిలేశారు. "దండం వెట్టి లోపలికి నడువు," అని అండాలు గుమ్మంలోంచి సైగ చేసింది.

రామచంద్రం దండం పెట్టాడు. లోపలికి వెళ్ళి ఒక తోటాతో తిరిగి వచ్చాడు. ఎవరికీ అర్థం కాకముందే బల్ల మీది తుపాకి ఒకటి అందుకుని, తోటా దూర్చి, ఆకాశంలోకి మీట నొక్కాడు.

బజారు దద్దరిల్లింది. సిపాయిలు నేల మీద బోర్లా పడ్డారు. భిక్షం దుకాణం పెంకులు నాలుగు జారాయి. పొగలోంచి రామచంద్రం నవ్వు ముఖంతో బయటపడ్డాడు. అధికారి తాను రాసిన కాగితాన్ని నిలువునా చించాడు.

బేడీలు వేస్తుంటే అండాలు దగ్గరికి వచ్చింది. "ఇప్పుడు నిమ్మలమయిందా?"

"అయింది," అన్నాడాయన.

ఆరు నెలల శిక్ష పడింది. ఏం నేరం చేశావని జైల్లో ఎవరడిగినా ఆయన ఒకటే జవాబు చెప్పేవాడు: "పేలింది."