దీమం సారు

లెక్కల సార్లను రక్షిత జంతువుల జాబితాలో చేర్చి మూడేళ్లయింది. రాళ్ళగుంతపల్లె హైస్కూలుకు మిగిలింది ఒక్కరే, ఓబులేసు సారు. అటవీశాఖ వాళ్లు ఆయన చెవికి పసుపుపచ్చ బిళ్ళ తగిలించారు. నెంబరు పధ్నాలుగు. స్నానం చేసేటప్పుడు తడపొద్దన్నారు.

పట్నం కాలేజీల వాళ్లు వలలతో వచ్చేవారు. బీట్ ఆఫీసర్ మౌలాలి రోజూ బడి చుట్టూ తిరిగి, అడుగుజాడలు కొలిచి రిజిస్టరులో రాసుకునేవాడు. వల వేస్తే కేసు. ఉచ్చు పెడితే కేసు. సారు తనంతట తాను నడిచి వెళితే మాత్రం అది వేట కిందికి రాదు.

అందుకని ఈసారి వాళ్లు వల తేలేదు, దీమం తెచ్చారు. అడవి కౌజు పిట్టల్ని రప్పించడానికి పంజరంలో పెంపుడు కౌజును పెట్టి కూయిస్తారే, అది. పొద్దున మంచు ఇంకా విడవలేదు. బడి పక్కన కందిచేను గట్టు మీద అద్దాల పంజరం దించిపోయారు. లోపల, నిరుడు పట్టుబడిన సుంకన్న సారు తెల్లచొక్కా వేసుకుని నిదానంగా ఎక్కం చదువుతున్నాడు.

"పంతొమ్మిది ఏడ్లు నూట ముప్పై రెండు."

పదో తరగతిలో ఓబులేసు సారు చేతిలో సుద్దముక్క ఆగింది. బోర్డు మీద లెక్క సగంలో ఉంది.

"ఇనొద్దు సార్," అంది ముందు బెంచీలోని ఈశ్వరమ్మ. "పరీక్షలకు రెండు నెల్లే. లెక్కలు తప్పితే మా నాయన బడి మాన్పించి మిరప కోతకు పంపిస్తాడు."

"దిద్ది వస్తానమ్మా. నూట ముప్పై మూడు కదా."

గేటు దగ్గర మౌలాలి అడ్డు నిలబడ్డాడు.

"ఎవరన్నా లాగుతున్నారా సార్?"

"లేదు."

"అయితే బిళ్ళ ఇచ్చి పోండి. స్టోరుకు అప్పజెప్పాలి."

సారు బిళ్ళ తీసిచ్చి మంచులోకి నడిచాడు. 'స్వచ్ఛందం' అని మౌలాలి రాసుకున్నాడు.

వారానికి అదే పంజరం మళ్లీ గట్టు మీదికి వచ్చింది. లోపల ఓబులేసు సారు, కొత్త కళ్లజోడుతో. బోర్డు మీద ఇంకా చెరపని ఆ లెక్కనే, ఆగిన చోటు నుంచి చెబుతున్నాడు. పిల్లలు ఒక్కొక్కరే సంచులు సర్దుకుని గట్టు వైపు పోయారు.

ఈశ్వరమ్మ ఒక్కతే కూర్చుని, వినబడినంత వరకు నోట్సులో దించుకుంది. చివరి మెట్టు దగ్గర సారు గొంతు ఆగింది. మళ్లీ మొదలవుతుందేమోనని పెన్ను పట్టుకుని చూసింది. తర్వాత లేచింది.

"ఎవరన్నా లాగుతున్నారామ్మా?" అన్నాడు గేటు దగ్గర మౌలాలి.

"లేదు," అంది.

రాసుకుని పక్కకు జరిగాడు. ఆమెను బిళ్ళ అడగలేదు. పిల్లలు ఏ జాబితాలోనూ లేరు.