టకానినిలో తేలిన నెరుపు సంగతి

యావన్మందికీ తెలియజేయడమేమనగా, దీర్ఘకాలపు అజీర్తి వల్ల జుట్టు తొందరగా నెరుస్తుందా లేదా అన్న విషయం మొన్న శనివారం న్యూజిలాండ్‌లోని టకానిని తెలుగు సంఘం హాల్లో తేలిపోయింది. ప్రపంచంలోని డాక్టర్లు ఇంకా తేల్చుకోలేకపోతున్నారట. పాపం, వాళ్లకు మన సంఘం లేదు.

నిదర్శనంగా మహిధర్‌ను ముందు వరుసలో కూర్చోబెట్టారు. వయసు ముప్పై ఒకటి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సగం తల తెలుపు. ఏళ్ల తరబడి ఏం తిన్నా కడుపు ఉబ్బరం, మంట. డాక్టర్‌కు చూపించుకోలేదు. కడుపు ఎవరికి కనిపిస్తుంది గనక? జుట్టుకు మాత్రం తైలాలు, లేపనాలు, చివరికి ఉల్లిపాయ రసం కూడా పట్టించాడు. ఆఫీసులో పక్కసీటు కివీ దొర మర్యాదగా సీటు మార్చుకున్నాడు.

ఆ రోజు మహిధర్‌కు సభకన్నా పెద్ద సంగతి మరొకటి ఉంది. డునెడిన్‌లో ఆసుపత్రి ల్యాబులో పనిచేసే శ్రీజ, తల్లి పుష్పలతను వెంటబెట్టుకుని పెళ్లి మాట ఖాయం చేసుకోవడానికి విమానమెక్కి వచ్చింది. ఇన్నాళ్లూ ఫోన్లోనే మాటలు. ఆ పిల్లంటే అతనికి ప్రాణం.

అధ్యక్షులు సుబ్బరామయ్యగారు మైకు అందుకున్నారు.

"సోదర సోదరీమణులారా! పేగు శుద్ధిగా ఉంటే కేశం నల్లగా ఉంటుంది. ఈ కుర్రాడి తల చూడండి. ఇంతకన్నా రుజువేం కావాలి?"

హాలు చప్పట్లతో మారుమోగింది. సుబ్బరామయ్యగారి తల మీద ఒక్క వెంట్రుకైనా లేదు గనుక నిష్పాక్షికంగా మాట్లాడగలిగారు.

ఆ సందట్లో శ్రీజ వచ్చి మహిధర్ పక్కన కూర్చుంది.

"ఇన్నేండ్ల సంది నొప్పి పెట్టుకొని చూపించుకోలేదా? బీ12 తక్కువైనా కొందరికి జుట్టు నెరుస్తది. ముందు బ్లడ్ టెస్ట్ చేయించుకో."

"చేయించుకుంటే జుట్టు నల్లగైతదా?"

"గ్యారంటీ లేదు. కడుపన్న బాగైతది గదా!"

"గ్యారంటీ లేకుంటే ఎందుకు మరి?" అన్నాడు మహిధర్. నిజంగానే అర్థంకాక అడిగాడు.

శ్రీజ తల పట్టుకుంది. "ఇయ్యాలన్న నూనెవి, కారంవి తినకు. మాటియ్యి."

ఇచ్చాడు.

సభానంతరం జీర్ణకోశ ఆరోగ్యాన్ని పురస్కరించుకుని విందు. మిరపకాయ బజ్జీలు, గుత్తివంకాయ, మటన్ బిర్యానీ. మహిధర్ కాస్త పెరుగన్నం పెట్టుకుని ఓ మూలకు చేరాడు. బిర్యానీ వండిన రాజశ్రీ ఆంటీ గరిటె పట్టుకుని అక్కడికీ వచ్చింది. అతను ప్లేటుకు చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దాంటీ, కడుపుల మంచిగ లేదు."

"అదేంటి బాబూ! పొద్దున్నే లేచి వండాను. నేనేమన్నా విషం పెడుతున్నానా?"

హాలంతా తిరిగి చూసింది. సంస్కారవంతుడు కదా, మహిధర్ చెయ్యి తీసేశాడు. బిర్యానీ పడింది, దాని మీద బజ్జీ. మంట గొంతు దాకా ఎగదన్నుతుంటే "సూపరుంది ఆంటీ" అన్నాడు.

శ్రీజ అంతా చూసింది. దగ్గరకొచ్చి మెల్లగా అంది:

"తెల్లజుట్టుతోని నాకేం బాధ లేదు మహిధర్. నొప్పైతుందని చెప్పి, ఆ మాట మీద నిలబడనీకి కూడా మొహమాటపడే మనిషితోని ఎట్ల బతకాలె?"

కళ్లు తుడుచుకుని, తల్లిని తీసుకుని ఎయిర్‌పోర్టుకు వెళ్లిపోయింది. మహిధర్‌కు లోకమంతా చీకటైపోయింది.

సంఘం అప్పటికప్పుడు అత్యవసరంగా సమావేశమైంది. సంబంధం తెల్లజుట్టు వల్లే తప్పిపోయిందనీ, బాధితుడికి సంఘం తరఫున మంచి హెయిర్ డై బహూకరించాలనీ తీర్మానం. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నారు సుబ్బరామయ్యగారు.

అందరూ ఎత్తారు. మహిధర్ కూడా ఎత్తాడు. పెద్దవాళ్లు అంతగా అడుగుతుంటే కాదంటే ఏం బాగుంటుంది?