పాపాయి నిద్రకై జరిగిన ఫ్యూయల్ పంపు మహాసంగ్రామము

వినుడు, అంట్లు బోర్లించి నడుము వాల్చిన పుణ్యాత్ములారా! మార్తాండుడు నడినెత్తికెక్కి రేకుల షెడ్డును పెనమువలె కాల్చుచున్న ఆదివారపు పగలు రెండు గంటల వేళ, ఒక ప్రక్క ఇల్లును మరొక ప్రక్క మెకానిక్ షెడ్డును గలిగి, నడుమ గోడకు బదులు పొత్తిగుడ్డలు ఆరవేసిన దండెము మాత్రమే గల ఒకానొక వాకిట, నూనెమరకల చిత్రవర్ణశోభితమైన భూతలముపై చెలరేగిన ఘోరసమరమును వినిపించెదను. పోపు మాడినను సరే, చెవి ఇటు పారవేయుడు!

కథానాయిక ఆ యింటి కోడలు. పదునొకండు మాసముల శిశురత్నమునకు జనని. పాప తుమ్మిన తుపాను వచ్చెనని తల్లడిల్లు భయవిహ్వల. నిద్రలో ఊపిరి ఆడుచున్నదో లేదో యని ముక్కుకడ వేలు పెట్టి చూచి, ఆ వేలితోనే పాపను లేపి, లేచినందుకు తానే ఏడ్చు అతిజాగరూకశిరోమణి.

ఇక ఆ జీపు! ఏనాటి యుద్ధభూములందో గుండ్లవాన తడిసి, ఏ తుక్కుకొట్టు మూలనో కడుపున గడ్డి మొలిపించుకొని పడియుండగా, ఆమె భర్త రెండేండ్లు చెమటోడ్చి, ఎముక ఎముక అతికి, ఆకుపచ్చ రంగు పూసి పునర్జన్మమిచ్చిన మిలిటరీ ముసలిది. ఆ ముసలిదానికిని ఈ పసిదానికిని ఏ జన్మబంధమో గాని, జోలపాటకు లొంగక, ఊయలకు లొంగక, నాయనమ్మ భుజమునకు లొంగని పాప, ఆ జీపు గుడగుడమని వీధి ఒక్క చుట్టు తిరిగెనా, మంత్రము వేసినట్లు కన్ను మూయును.

అట్టి జీపు రెండు దినములుగా వీధిమలుపు దాటుట లేదు! బయలుదేరును, గర్జించును, మలుపు కనబడగనే డుగ్ డుగ్ మని దగ్గి చతికిలబడును. కావున పాప నిద్రపోలేదు. పాప నిద్రపోలేదు గనుక తల్లి నిద్రపోలేదు. తల్లి ఉప్పు డబ్బాలో చక్కెరయు, చక్కెర డబ్బాలో ఉప్పును పోసెను గనుక ఇల్లెల్ల అల్లకల్లోలమాయెను.

దోషి ఎవ్వడు? ఇంజనును అంటుకొని, ట్యాంకులోని పెట్రోలును గుటకగుటకగా పీల్చి అందించు ఫ్యూయల్ పంపే దోషి యని తీర్పు చెప్పినవాడు భర్తకు బాబాయి; ముప్పదియేండ్లు సైనిక వర్క్‌షాపున పానా పట్టిన ధీరుడు.

"నాకు తెలియని పంపా ఇది? పది నిమిషాల్లో దీని జాతకం చెప్పేస్తా!" అని ఆ వీరుడు పంపును మూడవమారు విప్పెను.

"పొద్దున కూడా ఇదే మాటన్నావు బాబాయ్," అని భర్త నిట్టూర్చెను.

"పొద్దున చెప్పింది డయాఫ్రమ్ జాతకం. ఆ రబ్బరు మార్చాంగా? ఇప్పుడు వాల్వులది."

"పాపం ఆ పంపు! మనిషైతే ఈపాటికి చేతులెత్తి దణ్ణం పెట్టేది," అని గడపకడ నుండి అత్తగారు బాణమేసెను.

విప్పుటకు అరగంట, బిగించుటకు అరగంట పట్టెను. తోడనే జీపు సింహనాదము చేసెను! "చూశావా?" అని బాబాయి మీసము దువ్వెను. మలుపుకడ డుగ్ డుగ్. ఉభయవీరులును వెనుకకు తోసుకొని వచ్చిరి. పంపు ప్రక్కనున్న గాజుగిన్నెలోనికి తొంగిచూడగా పెట్రోలు చుక్క లేదు.

"ట్యాంకు నిండుగా ఉంది. పంపు కొత్త పెళ్లికూతురిలా ఉంది. మరి రాదేం? ఎవరో దీని గొంతు పిసికినట్టుందిరా!" అని బాబాయి మొట్టమొదటిసారి తల గోకుకొనెను.

అదే సమయమున దండెము చాటున మన నాయిక పాపకు సీసాతో పాలు పట్టుచుండెను. పాప బుగ్గలు లోపలికి పోవునట్లు పీల్చెను, సీసా రబ్బరు పీక అప్పడమువలె అతుక్కొనెను, పాలు రావు. పాప క్రోధారుణనేత్రయై ఆకాశము పగులునట్లు ఏడ్చెను. తల్లి అలవాటుగా సీసామూతను రవ్వంత వదులు చేసెను. బుడబుడమని లోనికి గాలి పోయెను, పాలు ధారకట్టెను.

ఆమె చేయి అట్లే నిలిచిపోయెను. ఏలయన రెండు దినముల క్రిందట, డ్రైవరు సీటు క్రిందనే ట్యాంకు గల ఆ జీపున పాపను ఒడిలో పెట్టుకొని కూర్చుండగా, ట్యాంకు మూతకున్న గాలి పీల్చు సూదిబెజ్జము నుండి పెట్రోలు వాసన కొట్టెను. పాప ఊపిరితిత్తులేమగునో యని హడలి, చిల్లిపడి కారెడు ట్యాంకులకు భర్త సబ్బు పూసినట్లే, పాపను రుద్దు సబ్బునుండి గోరంత ముక్క గిల్లి ఆ బెజ్జమును ఆమెయే మూసియుండెను!

"ఔరా! శిశురక్షణార్థము నేను కట్టిన కోటయే శిశునిద్రాహారిణి యాయెనా! ఈ మహాపరాధమును చాటుదునా, దాచుదునా? చాటితినా, చినమామగారి నవ్వు నా మనుమల పెండ్లి వరకు వినబడును. దాచితినా, నాకీ జన్మమున కునుకు లేదు!" అని అంతరంగమున విలపించి, కడకు దాచుటకే నిశ్చయించి, పాపను అత్తగారి చేతికిచ్చి, పిల్లివలె నడిచి, సీటు పైకెత్తి, మూతను మెల్లగా త్రిప్పెను.

బుస్స్స్!

వేయిపడగల పాము బుసకొట్టినట్లు ట్యాంకు గాలి పీల్చెను. పురుషులిద్దరును ఎగిరిపడిరి.

"ఏం చేశావే?" అని భర్త కేకవేసెను.

"గాలాడక... సబ్బు... నేనే పెట్టానండీ. వాసనొస్తోందని. పాపకేమైనా అవుతుందేమోనని..." అని ఆమె కంటనీరు పెట్టుకొని, గోటితో సబ్బుముక్కను పెరికి చూపెను.

బాబాయి ఆ ముక్కను ఆఘ్రాణించి, "ముప్పై ఏళ్ల సర్వీసు అమ్మాయ్! బేబీ సోపుతో బండిని ఆపిన శత్రువును ఇదే చూడ్డం!" అని పొట్ట పట్టుకొనెను.

అత్తగారు చీర చెంగు దోపి ముందుకు దూకెను. "నవ్వింది చాల్లే మరిదీ! మూడుసార్లు పంపు విప్పారు, ఒక్కసారి మూత విప్పారా? దాని భయం దానిది, తల్లి కదా! నువ్వెక్కవే బండి."

తల్లి పాపను అందుకొని ఎక్కెను, భర్త స్టార్టు చేసెను. మలుపు వచ్చెను. తల్లి కన్నులు గట్టిగా మూసికొనెను. డుగ్ డుగ్ లేదు! గుడగుడ నిరంతరాయముగా సాగెను, మలుపు వెనుకబడెను, పాప తల భుజముపై సోలెను.

"పడుకుంది. ఇక ఆపనా?" అని భర్త గుసగుసలాడెను. ప్రక్కకు చూచెను గదా, ఈమారు తల్లి కన్నులు మూసినది భయముచేత కాదు. పాప ఊపిరి చూచుటకై ముక్కువైపు బయలుదేరిన వ్రేలు సగము దారిలోనే నిదురించెను.

ఇంటిముందు అత్తగారు చేతులు రెండును ఊపి, "ఆపావో చూడు!" అని సైగ చేసెను. ఆ దీనుడు మరల వీధి తిరిగెను, మరల తిరిగెను.

జయము! జయము! దిక్కులారా వినుడు! పదునాలుగు చుట్లు, నలువది నిమిషములు! రెండు దినముల పోరాటమున ఆ వీరమాత గెలిచిన సామ్రాజ్యమింతే. దానిని ఆమె నోరు తెరచుకొని, చిన్నగా గురకపెట్టుచు, నిష్కంటకముగా ఏలెను.